గిన్నె చప్పుడు

మూడింటికి ఫోన్ చేస్తామన్నారు. మూడూ పది అయింది. ల్యాబ్‌వాళ్ళ గడియారంలో మూడు ఎప్పుడవుతుందో ఆ ల్యాబ్‌వాళ్ళకే తెలియాలి అనుకుంటూ చేపల డాక్టరమ్మ మేత బస్తా మీద అటు జరిగింది, ఇటు జరిగింది, ఎటు జరిగినా లోపలి గుళికలు ఎముకలకే తగిలాయి, లేచి నిలబడింది, నిలబడితే షెడ్డు రేకుల వేడి నేరుగా నడినెత్తిన దిగింది, మళ్ళీ కూర్చుంది. ఈ షెడ్డు మొత్తానికి సిగ్నల్ తగలడేది ఒక్కచోటే, కిటికీ కింద సిమెంటు తొట్టి మూల. అందుకని ఫోన్‌ని తొట్టి అంచుకి బిగించిన ఇనుప రేకు మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు. తొట్టిలో ఇరవై బంగారుతీగ చేపలు, జానెడు కంటే కాస్త పెద్దవి, ఏ చింతా లేకుండా అడుగున తిరుగుతున్నాయి. బయట మొదటి చెరువులో వాటి జాతివే వేలకొద్దీ వెల్లకిలా తేలుతున్నాయని వీటికి ఎవరు చెప్పాలి. గుమ్మం అవతల బల్ల మీద, ఆమెకి వీపు పెట్టి, చెరువుల ఆసామి కూర్చున్నాడు. ఆ చుట్టుపక్కల ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ గిన్నె మామే. మేత వేసే ముందు ఇత్తడి గిన్నెని గట్టు రాయి మీద టక్ టక్ టక్‌మని మూడుసార్లు కొట్టడం, ఆ చప్పుడు వినగానే ఆయన చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి రావడం, నలభై ఏళ్ళుగా జరుగుతున్న తంతు. ఇవాళ ఆ గిన్నె ఆయన ఒళ్ళో బోర్లా పడి ఉంది. నిన్న పొద్దున ఆమె తీసిన మొప్పల ముక్కలు ల్యాబ్‌లో ఉన్నాయి. రోగం ఉందని ల్యాబ్ చెబితే, గంట దూరంలో, ఈ చెరువుకి పిల్లల్ని అమ్మిన హేచరీ గేటు ముందు ఆగి ఉన్న లారీ లోపలికి వెళ్తుంది. లారీలో పదిమంది మనుషులు, మత్తుమందు డబ్బాలు, సున్నం బస్తాలు. చీకటి పడేలోగా ఆ హేచరీలో ఒక్క తల్లి చేప మిగలదు. నాలుగింటికల్లా తేల్చమని ఆఫీసులో పెద్దసారు పొద్దున్నే చెప్పేశాడు.

ఈ రోగానికి అసలు సిగ్గు లేదు, అనుకుంది. కంటికి కనబడదు, మందుకి లొంగదు, చన్నీళ్ళలో పడుకుంటుంది, గోరువెచ్చటి నీళ్ళలో లేస్తుంది, నీళ్ళు మరీ వేడెక్కితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ ముసుగుతన్నేస్తుంది. పోయిన నెల రంగు చేపల వ్యాపారి ఒకడు తొట్టెల్లో హీటర్లు పెట్టించి నీళ్ళని ముప్ఫై డిగ్రీలు దాటించి, చూశారా మేడమ్ ఎలా ఆపేశానో అని కాలరెగరేశాడు. చావులు ఆగాయి నాయనా, రోగం ఆగలేదు, జబ్బుపడి లేచిన ప్రతి చేపా బతికున్నంత కాలం దాన్ని ఒంట్లో మోస్తూనే ఉంటుంది, పైకి నిగనిగలాడుతుంది, ఎప్పుడో బెదిరిననాడో అలిసిననాడో నీళ్ళలోకి వదుల్తుంది, పక్కనున్న ఏ పాపం ఎరగని చేపకి అంటిస్తుంది, అని గంటసేపు గొంతు నొప్పి పుట్టేలా చెప్పింది. అంతా విని తల ఊపి, "అయితే ఇవి అమ్ముకోవచ్చుగా?" అన్నాడు. గోడకి తల బాదుకుందామంటే అతని షాపులో గోడలన్నీ అద్దాలే. ఇంకొకళ్ళు నీలం సీసాలో ఏదో మందు తెప్పించి పోస్తారు. ఇంకొకళ్ళు అసలు చెప్పరు, రాత్రికి రాత్రి చచ్చినవాటిని కాలవలోకి తోసేసి పొద్దున్నే ఏమీ జరగనట్టు పళ్ళు తోముకుంటారు. అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఒకటి, ఏ సమావేశానికెళ్ళినా మొదటి వరసలోంచే వస్తుంది, "మనుషులకి వస్తుందా అండీ?" అని. రాదు అనడం ఆలస్యం, జనం మొహాల్లో దీపం ఆర్పేసినట్టే, కుర్చీలు జరుగుతాయి, ఫోన్లు బయటికొస్తాయి. ఒక్కోసారి వస్తుందని అబద్ధం చెబుదామా అనిపిస్తుంది. ఇంట్లో భర్తదీ అదే మాట, కాకపోతే ప్రేమగా అంటాడు, "మనకి రానిదానికి నువ్వింత హైరానా పడతావేంటి, చేపలేగా." చేపలే. ఇరవై ఏళ్ళుగా ఆమె బతుకంతా ఆ చేపలే అని ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు.

పోయినేడు ఇదే నెలలో, ఇదే గట్టు మీద, గిన్నె మామ తనని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసి చూపించాడు. చేపలన్నీ నీళ్ళు పడే చోట గుంపు కట్టి, మూతులు పైకెత్తి, ఊపిరికి కొట్టుకుంటున్నాయి. ఆయన గిన్నె కొట్టాడు. ఒక్కటీ రాలేదు. మళ్ళీ కొట్టాడు. "అలిగాయమ్మా," అన్నాడు, నవ్వబోయి. ఒకదాన్ని చేతివలతో తీసి చూస్తే కళ్ళు గుంటల్లోకి పోయి ఉన్నాయి, చర్మం పట్టుకుంటే గరుకు కాగితంలా అరచేతికి గీసుకుంది, మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లటి కుళ్ళు. అప్పటికే ఆమెకి తెలుసు, ల్యాబ్ అక్కర్లేకుండానే తెలుసు, అయినా ల్యాబ్ కోసం ఇదే బస్తా మీద ఇలాగే కూర్చుంది. తర్వాతిదంతా నాలుగు రోజుల పని. నాలుగు చెరువులూ వలలు లాగించి, ఉన్నదంతా తీయించి, మత్తులో పడేయించి, గోతుల్లో సున్నం పోయించింది. గిన్నె మామ తనే వల తాడు పట్టుకున్నాడు. ఏడుస్తాడనుకుంది, ఏడవలేదు. తిడతాడనుకుంది, తిట్టినా బాగుండేది, అదీ లేదు. టన్నుల లెక్కన పోయేవాటిని ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టరు, ఆమె కూడా పెట్టలేదు. చివరి రోజు సాయంత్రం ఆయన ఒక నీళ్ళ డ్రమ్ము సైకిలుకి కట్టుకుని పక్క వీధిలో అక్కయ్య ఇంటికి వెళ్తున్నానంటే, పాపం ఒంటరిగా ఉండలేక వెళ్తున్నాడు కాబోలు అనుకుని, టైర్లు కడుక్కుని వెళ్ళమని మాత్రం చెప్పింది. ఆ డ్రమ్ము సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో. మూడూ ఇరవై.

పెద్దసారు హడావిడి పెట్టడంలో తప్పులేదు, తప్పంతా నిబంధనది, ఆ నిబంధన రాసిన కమిటీలో తనూ ఉంది కాబట్టి తనది. కొత్త చేపలు చెరువులో దిగిన పధ్నాలుగు రోజుల్లోపు ఈ రోగంతో చస్తే, వాటిని ఇచ్చిన హేచరీనే మూలం అనుకోవాలి, తల్లి చేపలన్నిటినీ తీసేయాలి. కాలయాపన కుదరదు, ఎందుకంటే హేచరీ నుంచి పిల్లలు ఊళ్ళ మీదికి పోతూనే ఉంటాయి. కాగితం మీద ఎంత అందంగా ఉందో. గిన్నె మామ చెరువులో పిల్లలు దిగి ఇవాళ్టికి పన్నెండో రోజు. పొద్దున హేచరీ ఆవిడ ఫోన్ చేసింది. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ మగవాళ్ళ చొక్కా వేసుకుని, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడే కనిపిస్తుంది. ఆవిడ అరుస్తుందనుకుని ఫోన్‌ని చెవికి దూరంగా పెట్టుకుంది డాక్టరమ్మ. అరవలేదు. "నా దగ్గర ఒక్క చేపకి కూడా తుమ్ము లేదమ్మా," అంది. "ఇరవై రెండేళ్ళుగా ఏరుకుంటూ వచ్చిన తల్లులు. వీటి ముత్తవ్వల్ని కూడా ఎరుగుదును నేను. నా నీళ్ళు తీసుకో, నా చేపల్ని కోసుకో, పరీక్ష చేసుకో." రోగం లేదని తేల్చే పరీక్షకి పది రోజులు పడుతుంది, పది రోజులు ఆగడానికి నిబంధన ఒప్పుకోదు అని చెప్పాల్సి వచ్చింది. అవతల ఆవిడ నీళ్ళ పంపు కట్టేసింది. "సరే, ఒక్కసారి నువ్వే రా. లారీవాళ్ళని పంపకు. నువ్వొచ్చి చూసి, చంపు," అంది. వస్తానని అనలేకపోయింది, రానని అనలేకపోయింది, సిగ్నల్ పోయిందని అబద్ధమాడి పెట్టేసింది. ఆ అబద్ధం ఇప్పటికీ నాలుక మీద చేదుగా ఉంది.

ఎందుకంటే ఆవిడ చెప్పేది నిజమేనని లోపల ఎక్కడో తెలుసు. ఆ హేచరీలో పదేళ్ళుగా ఒక్క మచ్చ లేదు. అదే రోజు అవే పిల్లల్ని తీసుకున్న వేరే రైతుల మూడు చెరువుల్లోనూ ఏమీ లేదు, నిన్న స్వయంగా వెళ్ళి చూసి వచ్చింది, గంతులేస్తున్నాయి. మరి ఇక్కడే ఎందుకు. చెరువులు ఎండగట్టారు, అడుగు మట్టి నెర్రెలిచ్చేదాకా ఎండగట్టారు, సున్నం చల్లారు, మూడు నెలలు ఆగారు. ఆ తర్వాత పరీక్ష చేపలు పెట్టారు. పరీక్ష చేపలంటే ఈ రోగం మొహం ఎప్పుడూ చూడనివి, పరిశోధన కేంద్రంలో విడిగా పెంచినవి. బాగుచేసిన చెరువులో బోను వలలు కట్టి, చెరువుకి ఐదు చొప్పున వాటిని వదుల్తారు. మిగిలిన పని వాటిదే. మూల ఎక్కడైనా రోగం నక్కి ఉంటే ఏ రక్షణా లేని ఈ చేపలకి అంటుకుంటుంది, ఇవి చస్తాయి. చస్తే ల్యాబ్‌కి, ఆరు వారాలు బతికితే సంతకానికి. ఇరవైకి ఇరవై బతికాయి. సంతకం పెట్టేసింది. అవే ఇవి, ఈ తొట్టిలో తిరుగుతున్నవి. మా చెరువులు బాగుపడ్డాయని చెప్పిన చేపలమ్మా, వీటిని నా దగ్గరే ఉండనివ్వండి అని ఆయన బతిమాలితే, ఎలాగూ శుభ్రమైనవే కదా అని ఊరుకుంది. తొట్టి పై అంచు దగ్గర ఒక గొట్టం, నీళ్ళు ఎక్కువైతే పొర్లిపోవడానికి. గొట్టం గోడలోంచి బయటికి పోయి మొదటి చెరువు మూల పడుతుంది. చావులు మొదలైందీ మొదటి చెరువులోనే, ఆ మూలే. ఈ ముక్క పొద్దుట్నుంచీ మూడుసార్లు బుర్రలోకి వచ్చింది, మూడుసార్లూ అయితే ఏంటి, శుభ్రమైన చేపల నీళ్ళేగా అని పంపించేసింది.

పిట్టలు తెచ్చాయా. వ్యాను టైర్లు తెచ్చాయా. పక్కవాళ్ళ వల అరువు తెచ్చుకున్నాడా, లేదని ఒట్టేశాడు. పోనీ తనే తెచ్చిందా, తన బూట్లు, తన చేతివల, తన జుట్టు. ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి అర్ధరాత్రి మెలకువ వస్తే మొదట వచ్చే అనుమానం అదే. కానీ జబ్బు చెరువు తొక్కిన రోజు ఇంకో గట్టు ఎక్కే ముందు ఇంటికి పోయి తలారా స్నానం చేయకుండా ఎప్పుడైనా కదిలిందా ఆమె. బూట్లు మందులో నానబెట్టి, బట్టలు మరగబెట్టి, గోళ్ళ సందుల్లో బ్రష్షు పెట్టి తోముకుని మరీ వస్తుంది. ఆమె జడ ఆరి ఎన్నేళ్ళయిందోనని ఇంట్లో వేళాకోళం. నవ్వుకోనీ, ఆ విషయంలో ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆ పరీక్ష చేపల్ని వదిలిన రోజు కూడా అంతే. పొద్దున వేరే ఊళ్ళో చచ్చిన చేపల్ని చూసి వచ్చింది కాబట్టి, ఇక్కడికి రావాల్సింది ముందు ఇంటికి పోయి, రెండుసార్లు తల రుద్దుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, అప్పుడొచ్చింది. గంట ఆలస్యమైంది. అప్పటికే చేపల్ని బోనుల్లో వదిలేశారు. వ్యాన్‌వాడు వెళ్ళిపోయాడు. 'పరీక్ష చేపలను నా సమక్షంలో వదిలారు' అని అచ్చేసి ఉన్న గడి కింద సంతకం పెట్టింది, ఒక్క గంటలో ఏం కొంప మునిగిందని, ఇంతకంటే శుభ్రంగా ఎవరు పనిచేస్తారని. ఆ సంతకం సంగతి తలుచుకుంటే ఎప్పుడూ చిన్న ముల్లులాంటిది తగులుతుంది. ముల్లే కదా అని ఎప్పుడూ నడిచేస్తుంది.

ఫోన్ మోగింది. మోగలేదు, మోత కట్టేసి ఉంది కాబట్టి ఇనుప రేకు మీద వణికింది, టక టక టకమని రేకు అదిరింది. ఆమె ఒక్క అంగలో వెళ్ళి తీసింది. భర్త. "గీజర్ పోయింది," అన్నాడు. "మెకానిక్ వచ్చాడు. ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్, హాస్టల్ గట్రా ఏమన్నా నడుపుతున్నారా అని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావు?" తర్వాత మాట్లాడతానంది. నవ్వు వచ్చింది, నవ్వు సగంలో ఉండగా కళ్ళు నీళ్ళ మీదికి వాలాయి. ఇరవై చేపలూ పైకొచ్చి ఉన్నాయి. ఫోన్ ఉన్న మూలకి, ఒకదాని మీద ఒకటి పడుతూ, నోళ్ళు తెరుచుకుని, మూస్తూ, తెరుస్తూ. రేకు చప్పుడికి వచ్చాయి. గిన్నె మామ చేపలు కదా మరి, నెలల తరబడి ఆయనే మేత వేస్తున్నాడు, అలవాటు పడ్డాయి, అందులో వింతేముంది అనుకుంది. అనుకుంటూనే తొట్టి మీదికి వంగింది. ఆ పరీక్ష చేపల్ని వదిలిన రోజు. ఆరని జుట్టు వీపంతా తడిపేస్తుంటే తను మొదటి చెరువు గట్టు మీద నిలబడింది. ఆయన చూడండమ్మా అని బోను వల పక్క రాయి మీద గిన్నె కొట్టాడు. ఐదు చేపలూ పైకొచ్చాయి. రెండో చెరువు, కొట్టాడు, ఐదూ. మూడు, నాలుగు. ఎంత హుషారైన చేపల్ని పంపారు అని ముచ్చటపడింది. ఇరవై ఏళ్ళ ఉద్యోగం, ఎన్నివేలసార్లు చూసింది, వ్యాన్‌లో దూరం నుంచి తెచ్చిన చేప కొత్త నీళ్ళలో పడితే రెండు మూడు రోజులు అడుగు వదిలిరాదు, మేత మొహం చూడదు. గంట క్రితం దిగిన చేపకి ఈయన గిన్నె చప్పుడు ఏం తెలుసు. చూసింది. కళ్ళారా చూసింది. చూసి ఊరుకోకుండా కాగితంలో రాసింది కూడా, తన చేత్తోనే, గుండ్రటి అక్షరాలతో: 'చేపలు హుషారుగా ఉన్నాయి, మేతకి వస్తున్నాయి.'

బయటికి వచ్చింది. ఎండ కళ్ళలో గుచ్చుకుంది. ఆయన బల్ల మీద అలాగే ఉన్నాడు.

"మావయ్యగారూ, ఆ రోజు వ్యాన్‌లో వచ్చిన చేపలేవి?"

"ఏ రోజమ్మా?" అని నీళ్ళు నమిలాడు.

"నేను గంట ఆలస్యంగా వచ్చిన రోజు."

గిన్నెని వెల్లకిలా తిప్పాడు, మళ్ళీ బోర్లించాడు. చెరువుతో చెబుతున్నట్టు చెప్పాడు. "చచ్చి వచ్చాయమ్మా. దారిలో వ్యాను చెడిపోయిందట. సంచులు విప్పితే ఇరవైకి ఇరవై చచ్చే ఉన్నాయి. ఆ వ్యానబ్బాయి నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు, ఉద్యోగం పోతుందని."

"నాకు ఫోన్ చెయ్యొద్దూ?"

"చేస్తే మీరేమనేవారు? మళ్ళీ చేపలు తయారయ్యేది వచ్చే ఏడే, అప్పటిదాకా ఆగమనేవారు. అప్పటికే మూడు నెలలుగా ఎండిపోయిన గుంటల్ని చూస్తూ కూర్చున్నా. ఇంకో ఏడా? నావల్ల కాదమ్మా. అన్నీ చంపిన రోజు ఇరవై చేపల్ని అక్కయ్య ఇంట్లో నీళ్ళ తొట్టిలో దాచాను. వీటికీ వచ్చింది జబ్బు. కళ్ళు పీక్కుపోయాయి, ఒళ్ళు గరుకెక్కింది, మొప్పలు తెల్లబడ్డాయి. లేచాయి. వేలల్లో ఇరవయ్యే లేచాయి. లేచినవాటిని ఎలా చంపమంటారు? ఆ రోజు సంచుల్లో చచ్చినవాటిని చూశాక అనిపించింది, చెరువులో ఆ రోగమే మిగిలుంటే దాన్ని ఎరిగినవి ఇవేగా, ఇవే ముందు పసిగడతాయని. కొత్తవాటికి ఏం తెలుస్తుంది? అందుకే మీరొచ్చేలోపు వీటినే తెచ్చి బోనుల్లో వదిలాను."

ఒక్కసారిగా కోపం తన్నుకొచ్చింది. ఏమీ తెలియనివే కావాలయ్యా మహానుభావా, దాన్ని ఎరగకపోవడమే వాటి అర్హత, ఎరిగినవి చావవు, చావకుండా మోసుకొస్తాయి, ఆరు వారాలు నీ చెరువుల్లో, ఆ తర్వాత నీ తొట్టిలోంచి నీ గొట్టంలోంచి నీ పిల్లల నెత్తిన పోశాయి, అని అరవాలి. అరిస్తే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది, ఇదంతా ఈయనకి ఎప్పుడైనా చెప్పావా అని. రంగు చేపల వ్యాపారికి గంటసేపు చెప్పింది. సమావేశాల్లో బొమ్మలు వేసి చెప్పింది. ఈయనకి మాత్రం, అన్నీ పోగొట్టుకుని వల తాడు తనే లాగిన ఈ మనిషికి, ఫలానా తారీకున పరీక్ష చేపలొస్తాయి, వదలండి అని ఒక్క ముక్క చెప్పి, స్నానానికి పోయింది. ఆయన తప్పు ఆయనకి ఉంది, లేదనడానికి లేదు. కానీ ఆ గంటలో తను గట్టు మీద ఉంటే, సంచులు తన కళ్ళ ముందు విప్పితే, ఇదేదీ లేదు. రోగం అంటకూడదని ఒళ్ళు తోముకున్న గంటలోనే రోగం గేటు లోపలికి నడిచి వచ్చింది, సైకిలు మీద, డ్రమ్ములో, చప్పుడు చేయకుండా.

"అందరూ హేచరీనే అంటున్నారు కదమ్మా," అన్నాడు ఆయన, ఇంకా ఆమె వైపు తిరగకుండానే. "మీరు కూడా ఉన్నారని సంతకం పెట్టేశారు. ఇప్పుడు కాదంటే మీ ఉద్యోగానికే చుట్టుకుంటుంది." ఆ గొంతులో బెదిరింపు లేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. నిజంగానే ఆమె గురించి బాధపడుతున్నాడు. నిజమే, చేయాల్సిందేమీ లేదు. ఊరుకుంటే చాలు. ల్యాబ్ ఫోన్ చేస్తుంది, నిబంధన తన పని తాను చేసుకుంటుంది, లారీ గేటు దాటుతుంది, ఈయనకి ఈసారి కూడా దురదృష్టమే అని రాస్తారు, తనకి మరింత చురుకైన అధికారి అని పేరొస్తుంది. అక్కడ ఆ హేచరీ ఆవిడ మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, లారీవాళ్ళకి ఏ తల్లి ఏ మడుగులో ఉందో చూపిస్తూ ఉంటుంది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆమెకి ఆ పని వదిలేసి పోవాలనిపించింది, ఈ గట్లూ ఈ కాగితాలూ ఈ గడులూ అన్నీ వదిలేసి, ఎక్కడైనా పొడిగా, తల ఆరబెట్టుకుని కూర్చోవాలనిపించింది. షెడ్డులో రేకు అదిరింది. చేపలు పైకి వస్తూ ఉంటాయి ఈపాటికి, అనుకుంది, లోపలికి పోతూ. వచ్చే ఉన్నాయి.

"సారీ మేడమ్, మెషిన్ మొరాయించింది," అంది ల్యాబ్ అమ్మాయి. "ఉంది. మొదటి చెరువు శాంపిల్సు అన్నిట్లోనూ ఉంది." థాంక్స్ చెప్పి పెట్టేసేలోపే పెద్దసారు ఫోన్. ఆయనకి వార్తలు గాలి కంటే ముందు తెలుస్తాయి.

"విన్నాను. నాలుగవుతోంది. లారీని లోపలికి పంపమంటావా?"

"ఆపండి సార్."

"ఏంటి ఆపేది? పధ్నాలుగు రోజుల లోపేగా?"

"మూలం హేచరీ కాదు సార్, ఇక్కడే ఉంది, నా ముందు తొట్టిలో. పరీక్ష చేపలుగా పెట్టినవి పోయినేడు జబ్బు చేసి లేచిన చేపలు. పరిశోధన కేంద్రం పంపినవి దారిలోనే చచ్చాయి. వదిలినప్పుడు నేను లేను సార్. ఉన్నానని రాసింది అబద్ధం."

"ఇలాంటివి ఫోన్లో మాట్లాడకు," అన్నాడు పెద్దసారు గొంతు తగ్గించి. "ఇంటికెళ్ళు. చల్లగా ఆలోచించుకో. రేపు మాట్లాడదాం."

"రేపటికి అక్కడ మాట్లాడ్డానికి ఏమీ మిగలదు సార్. వీటి మొప్పలు, కిడ్నీలు ఇప్పుడే తీసి పంపుతున్నాను, ల్యాబ్‌లో తేలుతుంది. హేచరీకి పరీక్ష అయ్యేదాకా గేటు మూసి ఉంచండి చాలు, చంపకండి. నేను చెప్పింది పక్కన ఆసామి కూడా విన్నారు. లారీని వెనక్కి పిలవండి." ఆయన ఏదో అన్నాడు, 'నీ ఇష్టం, నీ ఖర్మ' లాంటిది, కాసేపు ఎవరితోనో వేరే ఫోన్‌లో మాట్లాడడం వినిపించింది, "ఆగమను, ఆగమను, లోపలికొద్దు" అని చిరాగ్గా. అది విన్నాక ఆమె ఫోన్ పెట్టేసింది. తేలికపడుతుందనుకుంది. పడలేదు. రేపు ఏం అడుగుతారో తెలుసు, ఎల్లుండి ఏం రాస్తారో తెలుసు, ఎన్ని గడుల కింద ఎన్ని సంతకాలు కావాలో అదీ తెలుసు. గోడ గడియారంలో నాలుగుకి ఇంకా రెండు నిమిషాలుంది.

టబ్బులో నీళ్ళు పోసి మత్తుమందు కొలిచి కలిపింది. చేతులకి తొడుగులు వేసుకుంది. తొట్టి వైపు తిరిగేసరికి చేపలు అడుక్కి వెళ్ళిపోయి ఉన్నాయి, లోతుగా, గొట్టం నీడలో. చేతివలతో తరమాలంటే తొట్టి అంతా కలియదిప్పాలి, బెదిరిన ప్రతి చేపా ఆ నీళ్ళలోకి ఇంకాస్త రోగాన్ని వదుల్తుంది. ముందు గొట్టం మూతిలో గుడ్డలు కుక్కింది. గిన్నె మామ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. వల అక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. ఆయన గిన్నె ఎత్తాడు, తొట్టి అంచు దాకా తీసుకెళ్ళాడు, చెయ్యి అక్కడ ఆగిపోయింది.

"మీరు కొట్టండమ్మా," అన్నాడు, గిన్నె ఆమె చేతికిస్తూ. "నేను కొడితే నన్ను నమ్మి వస్తాయి."

ఆయన పక్కకి తిరిగి గోడకి చెయ్యి ఆనించుకున్నాడు. గిన్నె అంచు నలభై ఏళ్ళ దెబ్బలకి సొట్టలు పడి ఉంది. తను కొడితే రావేమో, కొత్త చెయ్యి కదా, ఆ తేడా వాటికి తెలుస్తుందేమో, రాకపోతే బాగుండు అని ఒక్క క్షణం, ఉద్యోగం మరిచిపోయి, కోరుకుంది. టక్ టక్ టక్‌మని మూడుసార్లు కొట్టింది. ఇరవైకి ఇరవై వచ్చాయి.